పెద్దాయన వేసిన ఓటు

మా ఇంటి ఓనరు పెద్దాయన పోయారని ఆయన కూతురు కొత్తూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను దీపం కుందులు తోముతున్నాను. ఫోన్ పెట్టేసి మిగిలిన కుంది కూడా తోమాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పదో తరగతితో చదువు ఆగిన దాన్ని. ఉత్తరాలు తప్ప ఏదీ రాయలేదు. దశదినకర్మ నాడు మా వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. అందులో ఎన్నికల్లో ఓడిపోయిన ఒక నాయకుడి ఫోటో పెద్దగా, పెద్దాయన ఫోటో చిన్నగా ఉన్నాయి. మా పార్టీ కోసం చివరిదాకా పోరాడిన కార్యకర్త అని కింద రాశారు. ఆయన ఏ పార్టీ కార్యకర్తా కాదు.

మావారికి ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వచ్చి, కోస్తా నుంచి శంషాబాద్ వచ్చాం. పెద్దాయన కింద వాటాలో ఉంటూ మేడ మాకు అద్దెకిచ్చారు. నేను బాబాయిగారూ అంటే ఆయనకు నవ్వు. "గారు ఎందుకు బిడ్డా, నేనేమన్న తాసిల్దార్నా?" అనేవారు. శనివారం నేను తెచ్చిన ప్రసాదాన్ని చెప్పులు విడిచి రెండు చేతులా అందుకునేవారు. విమానం ఇంటి మీదుగా పోతుంటే మాట సగంలో ఆపేవారు. మోత తగ్గాక ఆపిన చోటి నుంచే అందుకునేవారు.

ఎన్నేళ్లు ఇక్కడ ఉన్నా ఓటు మాత్రం సొంత ఊరి నుంచి మార్చుకోలేదు. 2009లో పొద్దున్నే బస్సెక్కి అంత దూరం వెళితే, ఆయన పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి పోయారు. పెద్దాయన అక్కడి నుంచి కదల్లేదు. "నీ పని మేం చేసినం తాతా, పోయి ఛాయ్ తాగు" అని వరుసలో ఒకడు ఎగతాళి చేశాడట. చివరికి పోలింగ్ అధికారి ఒక కాగితం ఇచ్చి, ముద్ర వేయించి, విడిగా కవరులో పెట్టారు. దాన్ని టెండర్ ఓటు అంటారట. లెక్కింపు నాడు ఆ కవరు విప్పరు. కోర్టు చెబితేనే విప్పుతారు.

అక్కడ కొద్ది ఓట్ల తేడాతో ఒకాయన ఎమ్మెల్యే అయ్యారు. ఓడిపోయిన నాయకుడు, ఆ ఫ్లెక్సీలో ఉన్నాయనే, దొంగ ఓట్లు తీసేసి ఆ కవర్లు విప్పించాలని హైకోర్టులో కేసు వేశారు. పెద్దాయన సాక్షి. ఆ నాయకుడి మనుషులు పండ్లతో వచ్చేవారు. పెద్దాయన ఆ సంచులు మేడ మీదికి పంపేసేవారు. కోర్టులో ఆ ఎమ్మెల్యే తరఫు వకీలు, నువ్వు అవతలి పార్టీ మనిషివి అన్నారట. సాక్షి ఎవరికి ఓటేశాడో చెప్పనక్కరలేదట. ఆయన చెప్పలేదు.

సభకు పెద్ద స్పీకర్ ఉన్నాడు కదా, తగాదా తేలేదాకా ఆ ఎమ్మెల్యేని ఆగమనడా అని పెద్దాయన తమ వైపు వకీలును అడిగారట. అది సభ చేతిలో లేదని, కోర్టు కాదనేదాకా ఆయన సభ్యుడేనని చెప్పారట. అప్పటి నుంచి అసెంబ్లీ జరిగే రోజుల్లో టీవీ ముందు కూర్చుని ఆ ఎమ్మెల్యే సీటు వెతికేవారు. "ఆయన ఆడ కూసున్నడు, నా కాయితం కవర్ల కూసున్నది" అని నవ్వేవారు. వాయిదాకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ కవరు విప్పారా అని అడిగేదాన్ని. లేదని చెయ్యి ఊపి, కాళ్లు కడుక్కోవడానికి పోయేవారు.

ఈ ఏడాది ఎన్నికలయ్యాక ఆయనకు ఒంట్లో బాగుండక, వకీలు ఆఫీసుకు నేను తోడు వెళ్లాను. పాత సభ గడువే అయిపోయింది కాబట్టి కేసులో తేల్చడానికి ఏమీ మిగల్లేదని వకీలు నెమ్మదిగా చెప్పారు.

"మరి నా కవరు సార్?"

"ఇంక విప్పరు పెద్దాయనా. కొన్నాళ్లకు మిగతా కాగితాలతో పాటు కాల్చేస్తారు."

మంచిది అని లేచారు.

తిరుగు బస్సు మైలార్‌దేవ్‌పల్లి దాటింది. తర్వాత కిటికీ వైపే చూస్తూ అన్నారు. "గెలిచినాయనకే ఏసిన, బిడ్డా."

ఆయన వైపు తిరిగాను. "కవరు విప్పితే మిమ్మల్ని సాక్ష్యానికి పిలిచినవాళ్లకే నష్టం కదా బాబాయిగారూ" అన్నాను.

"అయితే కానీ. నా పేరు మీద ఎవడో ఏసింది నాది కాదు గద. నాది తీసి, సూసి, లెక్కల రాసుకుంటే సాలనుకున్న. ఇగ కాలవెడ్తరట. ఒకల్లకన్న..."

సాతంరాయి దగ్గర బస్సు మీదుగా విమానం దిగుతోంది. ఆయన ఆగారు. మోత తగ్గింది.

"ఒకల్లకన్న ఎరుక ఉండాలె. గందుకే నీకు చెప్పిన."

తర్వాత కూతురి దగ్గరికి వెళ్లారు. మళ్లీ రాలేదు.

ఫ్లెక్సీ ఇంకా వీధి మొదట్లోనే ఉంది. గాలికి ఒక మూల చిరిగింది. మొన్న కొత్త సభ్యులు ప్రమాణం చేస్తుంటే టీవీలో చూశాను. మధ్యలో విమానం పోయింది. మావారితో ఏదో చెబుతున్న దాన్ని, నాకు తెలియకుండానే ఆగిపోయాను. మోత తగ్గాక కింద వాటా నుంచి ఏ మాటా వినిపించలేదు.

ఈ కాగితాలు కవరులో పెట్టి, అంటించి, దేవుడి గూట్లో ఉంచుతున్నాను. మన ఇంట్లో ఎవరి చేతికి వచ్చినా చదవండి. చదివాక మళ్లీ అంటించి అక్కడే పెట్టండి. ఎవరికీ చూపించకండి. ఆయన చెప్పింది నా ఒక్కదానికే.