అవ్వ బొటనవేలు

సెల్‌ఫోన్‌కి ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్తల్లో నేను తిరుపతిలో ఒక రెండు గదుల కంపెనీలో చేరాను. సత్యవేడు దగ్గరి పల్లెలో పాల కేంద్రం ట్యాంకును చల్లగా ఉంచే పెట్టె తయారుచేయడం నా మొదటి పని. అది కుదిరితేనే ఉద్యోగం ఖాయం.

పెట్టెలోని ప్రాసెసర్ తన పనిలో తాను మునిగి ఉంటుంది. బటన్ నొక్కినా, పాలు వేడెక్కినా ఆ పని ఆపించి పిలవాలి. దాన్నే ఇంటరప్ట్ అంటాం. ఎవరికి ఏ నంబరో, ఎవరి మాట ముందు వినాలో మనమే రాయాలి. ఆ చిప్‌లో చిన్న నంబరుదే పెద్దరికం. బటన్ నొక్కగానే తెర మీద పాల కొలత అంకెలు కనబడాలని మా సారుకు మహా ముచ్చట. సరేనని బటన్‌కి ఒకటి, వేడికి నాలుగు ఇచ్చేశాను. ఆఫీసులో టకటకా నొక్కి చూస్తే భేషుగ్గా పనిచేసింది.

పల్లెలో పాలు పోసినవాళ్ళు తమ కొలత చూసుకోవడానికి బటన్ నొక్కాలి. బ్యాంకులో వేలిముద్ర వేసే అలవాటు కదా, అందరూ బొటనవేలు అదిమిపట్టి నిలబడ్డారు. వేలు తీసేదాకా ప్రాసెసర్ బటన్‌ని వదలదు. గోరువెచ్చని పాలు పడగానే వేడి కబురు ఒక్కసారే వచ్చేట్టు రాశాను నేను. అప్పుడు వినకపోతే అంతే. ట్యాంకును చల్లబరిచే కంప్రెసర్ తిరగనే లేదు, మధ్యాహ్నానికి ఊరి పాలన్నీ విరిగిపోయాయి.

నాకు ఒళ్ళు మండింది. ఉన్న ఒక్క గేదె పాలూ అందులోనే పోసిన ముసలామె ఎదురుగా కనబడింది.

"అంతసేపు నొక్కితే ఎట్లవ్వా?" అన్నాను.

"నా యేలేం జేసింది పాపా? పాలు ముందా, నా యేలు ముందా? నీ మిషన్‌కి నువ్వేం సెప్పినావు?"

తల కొట్టేసినట్టయింది. తిరుపతికి వచ్చి వేడికి ఒకటి, బటన్‌కి నాలుగు అని మార్చాను.

"అంకెలు ఆలస్యమైతే బాగుండదమ్మా," అని సారు సణిగారు.

"మనుషులు కాసేపు ఆగుతారు సార్, పాలు ఆగవు," అన్నాను.

మళ్ళీ పెట్టె బిగించేటప్పుడు కేంద్రం సెక్రటరీ ముందే చెప్పాడు. "ఈసారి పాలు యిరిగితే దీన్ని ఎత్తుకోని పోమ్మా, మళ్ళా రావద్దు."

అవ్వ తన పాలు పోసింది. బటన్ మీద బొటనవేలు పెట్టి, నా మొహంలోకి చూస్తూ, కావాలనే తీయకుండా నిలబడింది. ఇంతలో ట్యాంకు వెనక కంప్రెసర్ గుర్రుమంది.

అప్పుడు తీసింది వేలు.

"ఇప్పుడు నీ మిషను పాల మాట ఇంటా ఉండాది," అని ఖాళీ క్యాను చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.