తొమ్మిది అతుకులు

"...కొట్టి చూడకుండా ఎలా ఎక్కమంటావు నాన్నా? రోడ్డెక్కాక ఊడితే?"

"ఊడటమా? నా చేతి అతుకు ఊడటమా? ఈ వీధిలో నేను పెట్టని గేటు ఒక్కటి చూపించు. ఇరవై ఆరేళ్ళలో ఊడిన గేటు ఒక్కటి చూపించు."

"గేటెక్కి ఎవరూ తోలరు కదా."

"నోరు బాగా లేస్తోంది నీకు."

"కొత్తగా పనిలో చేరినవాళ్ళ అతుకులన్నీ సుత్తితో కొట్టి చూస్తావు. నీదైతే చూడకూడదా?"

"వాళ్ళూ నేనూ ఒకటేనా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మేస్త్రీ గొంతు అవసరానికి మించి లేచింది. రేకుల షెడ్డులో ఆ మాట ఖంగుమని మోగి అతని చెవికే తిరిగొచ్చింది. ఎదురుగా తొమ్మిదో తరగతి చదివే కూతురు, చేతిలో సుత్తితో నిలబడి ఉంది. ఇద్దరి మధ్య, రెండు చెక్క దుంగల మీద, ఇంకా రంగు వెయ్యని నాలుగు చక్రాల బండి ఉంది.

లోపల్నుంచి వస్తున్న కుట్టుమిషను చప్పుడు ఆగింది. "టీ చల్లారి గంటయింది," అంది అతని భార్య. "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదన పెట్టుకోకమ్మా. వచ్చి టీ తాగండి ఇద్దరూ." మిషను మళ్ళీ మొదలైంది.

టీకి ఎవరూ వెళ్ళలేదు.

వీధిలో అందరూ అతన్ని గేట్ల మేస్త్రీ అంటారు. పదమూడో ఏట మేనమామ షెడ్డులో చేరాడు. మామ రెండేళ్ళ పాటు వెల్డింగు రాడ్డు ముట్టుకోనివ్వలేదు. అతుకు మీద కట్టిన నల్లటి పెంకును కొట్టి రాల్చడం, పక్కన కూర్చుని వినడం, అంతే పని. "ముందు చెవికి రావాలిరా," అనేవాడు మామ. "సరిగ్గా పడుతుంటే వేడి పెనం మీద నూనె చిటపటలాడినట్టు ఒకే తీరుగా మోగుతుంది. తేడా వస్తే తుపుక్కుమంటుంది." రాడ్డు చేతికిచ్చాక ఇంకో పరీక్ష పెట్టాడు. అతికిన పైపుని బిగించి సుత్తితో కొట్టాలి. పైపు వంగాలి, అతుకు నిలవాలి. అతుకు ఊడి పైపు నిలిచిందా, "ఇనుముకు పౌడరు రాశావురా అల్లుడూ" అని షెడ్డంతా వినపడేలా నవ్వేవాడు. సొంత షెడ్డు పెట్టాక మేస్త్రీ తన దగ్గర చేరిన ప్రతివాడికీ అదే పరీక్ష పెట్టాడు. తన అతుకు మీద మాత్రం ఎవరూ సుత్తి ఎత్తలేదు.

ఈ బండి ఆలోచన కూతురిదే. వేసవి సెలవుల మొదటి వారం తండ్రితో పాత ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్ళి, ఒక మూల పడి ఉన్న మోపెడ్ ఇంజను దగ్గర ఆగిపోయింది. ఇంటికొచ్చి గళ్ళ పుస్తకంలో బొమ్మ గీసింది.

"మోపెడ్‌కి రెండు చక్రాలున్నాయిగా. అవి చాలవా?" అని అడిగాడు మేస్త్రీ.

"రెండైతే కొన్నట్టుంటుంది నాన్నా. నాలుగైతే మనం చేసినట్టుంటుంది."

మర్నాడే మేస్త్రీ ఆ ఇంజను కొనుక్కొచ్చాడు. అప్పటినుంచి ఆదివారాలన్నీ ఆ బండికే పోయాయి. కొలతలు, కోతలు కూతురివి, అతుకులు తండ్రివి. చట్రానికి నాలుగు మూలలు, మధ్య అడ్డపైపుకి రెండు, ముందు ఇరుసుకి రెండు, స్టీరింగు కంబానికి ఒకటి, మొత్తం తొమ్మిది. మిగతావన్నీ బోల్టులే. సీటు, కాళ్ళు కోసేసిన ప్లాస్టిక్ కుర్చీ. మొదటిసారి ఇంజను స్టార్టు చేసిన రోజు వెనక చక్రాలు వెనక్కి తిరిగాయి. ఇంజను అటుది ఇటు బిగించారు ఇద్దరూ. చూడ్డానికొచ్చిన పాత ఇనుము కొట్టతను పొట్ట పట్టుకుని నవ్వాడు. "పర్లేదు మేస్త్రీ, పిల్లని బడికి పంపితే నేరుగా ఇంటికొచ్చేస్తుంది!" బోల్టు రంధ్రాలు మార్చి ఇంజను తిప్పి పెట్టడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఆ రెండు ఆదివారాలూ మేస్త్రీ పాటలు పాడుకుంటూ పనిచేశాడు. ఆ పనిలో రాడ్డు పట్టాల్సిన అవసరం రాలేదు.

అప్పటికే అతని చూపులో తేడా వచ్చింది. నల్లద్దం వెనకనుంచి చూస్తే, రాడ్డు కొన కింద ఇనుము కరిగి పప్పుగింజంత మెరిసే మడుగు కనిపించాలి. దాని అంచు పట్టుకునే చెయ్యి కదపాలి. ఇప్పుడు సరిగ్గా ఆ మడుగు ఉండాల్సిన చోట, అద్దం మీద ఎవరో బొటనవేలు నొక్కినట్టు బూడిదరంగు మచ్చ. పక్కకి చూస్తే అంచు కనిపిస్తుంది, తిన్నగా చూస్తే పోతుంది. అద్దం మార్చాడు. కళ్ళు కడుక్కున్నాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామని భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, చత్వారమేలే అని దారి పక్కన అమ్మే కళ్ళజోడొకటి కొనుక్కొచ్చాడు. చేతికి ముప్ఫై మూడేళ్ళ అలవాటుంది. చెవి ఉంది. చెవి అబద్ధం చెప్పదని సర్దిచెప్పుకున్నాడు.

చెవి అబద్ధం చెప్పదు. అయితే ఇనుము కరుగుతోందని మాత్రమే చెప్తుంది. రెండు పైపులు కలిసే గీత మీద కరుగుతోందా, గోరంత పక్కన కరుగుతోందా, అది కన్నే చెప్పాలి. ఈ సంగతి మేస్త్రీకి తెలియక కాదు. తెలిసిన సంగతిని షెడ్డులో పనికిరాని ముక్కల్లా ఒక మూలకి నెట్టేశాడు.

అలా నెట్టేసిన వేసవిలోనే బడి పని కూడా చేశాడు. కూతురు చదివే బడికి కొత్తగా పై అంతస్తు కట్టారు. వరండా పొడవునా పిట్టగోడ బదులు నడుమెత్తు ఇనుప కమ్మీల కటకటాలు, ఇరవై ఎనిమిది కంబాలు. బడి తెరిచేలోపు అతికి, ఆకుపచ్చ రంగు వేసి ఇచ్చాడు. బడి తెరిచి రెండు నెలలైంది. తొమ్మిదో తరగతి ఆ పైనే.

"సరే," అన్నాడు మేస్త్రీ. "అంత అనుమానమైతే కొట్టు. స్టీరింగు కంబమే కొట్టు."

కూతురు ఎడమచేత్తో చట్రం పట్టుకుని కొట్టింది. కంబం కొద్దిగా అదిరింది. రెండో దెబ్బకీ అంతే. మేస్త్రీ గడ్డం పైకెత్తాడు. మూడో దెబ్బకి పెద్ద చప్పుడేమీ రాలేదు. కంబం నెమ్మదిగా పక్కకి ఒరిగి, స్టీరింగు చక్రంతో సహా నేలమీద పడింది.

మేస్త్రీ వంగి దాన్ని తీశాడు. వెలుగు వైపు పట్టుకుని, మెడ కాస్త పక్కకి తిప్పి చూశాడు. తర్వాత బొటనవేలితో తడిమాడు. అతుకు పైనుంచి అందంగానే ఉంది, అలలు అలలుగా, పుస్తకంలో బొమ్మలా. కానీ మొత్తం ఒక్క పైపు మీదే పరుచుకుని ఉంది. రెండో పైపు అంచున గ్రైండరు పెట్టిన గీరలు గరుకుగా అలాగే ఉన్నాయి. ఆ ఇనుముకు వేడే తగల్లేదు.

"రాడ్డు చెమ్మగిల్లి ఉంటుంది," అన్నాడు.

కూతురు చట్రం మీద వేలు పెట్టింది. "సుద్దగీత ఇక్కడుంది నాన్నా." వేలు గోరంత పక్కకి జరిపింది. "రాడ్డు ఇక్కడ నడిచింది."

మేస్త్రీ ఆ రెండు చోట్లా బొటనవేలితో తడిమాడు.

"బడి తెరిచినప్పటినుంచి గీతలు లావుగా గీస్తున్నా. మొదలుపెట్టే ముందు నువ్వు వేలితో వెతుక్కోవడం చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే చెప్తావనుకున్నా."

అతను కంబాన్ని బల్ల మీద పెట్టాడు. అది దొర్లింది. ఆపి, కింద గుడ్డముక్క సర్దాడు. ఆ పనికి పట్టాల్సినదానికంటే ఎక్కువసేపు పట్టింది.

"మిగతావి కూడా కొట్టు."

"వద్దులే నాన్నా. తెలిసిపోయిందిగా."

"కొట్టమన్నాను."

మూలల్లో మూడు నిలిచాయి. పైపు సొట్టపోయింది గానీ అతుకు కదల్లేదు. నాలుగో మూల రెండు దెబ్బలకి విడిపోయింది. అడ్డపైపు రెండువైపులా నిలిచింది. ముందు ఇరుసు ఎడమవైపు నిలిచింది, కుడివైపు ఒక్క దెబ్బకే ఊడింది. నాలుగు నెలల బండి ముక్కలై, చక్రాలు తలో దిక్కూ వాలి, దుంగల మధ్య కూలబడింది. తొమ్మిదింట్లో మూడు. మూడింట ఒకటి.

చప్పుడు విని మేస్త్రీ భార్య మెడలో కొలతల టేపుతో గుమ్మంలోకి వచ్చింది. "ఇదేం పిచ్చి? ఒళ్ళు హూనం చేసుకుని కట్టింది మీరే విరగ్గొట్టుకుంటున్నారా?" అని, మొగుడి మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందండీ?"

మేస్త్రీ కొక్కేనికి తగిలించిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీ ఒకటి తప్పుగా పడింది.

"ఎక్కడికి?"

"బడికి."

కూతురు సుత్తి కింద పెట్టి అతని వెనకే నడిచింది.

వీధిలో రెండువైపులా అతని గేట్లే. ఇవన్నీ కళ్ళు బాగున్న రోజులవి, నిలుస్తాయి అనుకున్నాడు. అలా అనుకుంటూ ఒక్కో గేటూ దాటాడు.

మలుపు తిరిగాక కూతురు అడుగు కలిపింది. "నాన్నా, నేనొకటి చెప్తా, అరవకు. సెలవు రోజుల్లో మనమే సరిచేసేద్దాం. నేను గీత గీసి పక్కన నిలబడతా. రాడ్డు ఎడమకి పోతే ఎడమ అంటా, కుడికి పోతే కుడి అంటా. ఎవరికీ చెప్పక్కర్లేదు. షెడ్డు షెడ్డులాగే ఉంటుంది."

మేస్త్రీ అడుగు నెమ్మదించింది. పిల్ల తెలివితక్కువ మాటేమీ అనలేదు. పదిహేను రోజులు ఓపిక పడితే జరిగే పనే. "నీకూ ఒక నల్లద్దం కావాలి. ఉత్త కళ్ళతో ఆ మంట చూడకూడదు," అన్నాడు. కూతురి మొహం తేటపడింది.

బడి కాపలాదారు పలకరించి గేటు తీశాడు. పై వరండా ఖాళీగా, అప్పుడే తుడిచి తడితడిగా ఉంది. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని మొదటి కంబం అడుగున బొటనవేలు పెట్టాడు. బాగుంది. రెండోదీ బాగుంది. మూడోదాని దగ్గర వేలు ఆగింది. గోరంత సందు. అందులోకి ఆకుపచ్చ రంగు దిగి పూడుకుపోయింది. అరచేత్తో కమ్మీని నెట్టాడు. కదల్లేదు. బలంగా నెట్టాడు. కదల్లేదు. ఊగినా బాగుండేది, చూసినవాళ్ళు దూరంగా నిలబడేవాళ్ళు.

"మీరు దీన్ని ఆనుకుంటారా?" అని అడిగాడు, తల తిప్పకుండా.

"మధ్యాహ్నం గంట కొట్టగానే అందరం ఇక్కడే. కింద వాలీబాల్ కనిపిస్తుంది. చోటు కోసం కొట్టుకుంటాం."

"నువ్వెక్కడ నిలబడతావు?"

"ఇక్కడే. ఇక్కడ నీడ ఉంటుంది."

మేస్త్రీ మూడో కంబం మీదినుంచి చెయ్యి తియ్యలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కింద గదిలో రికార్డులు రాసుకుంటున్న హెడ్మాస్టరు పైకి వచ్చాడు. "మేస్త్రీ! ఆదివారం కూడా మామీద దయేనా?" అంటూ కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఊపబోయాడు. "చూశారా? ఏనుగొచ్చి గుద్దినా కదలదు. మొన్న తనిఖీకి వచ్చినాయన ఎవరు చేశారని ప్రత్యేకంగా అడిగారు. మా గేట్ల మేస్త్రీ అని చెప్పాను. చేతి పనంటే ఇదీ అన్నారు."

"దానిమీద బరువెయ్యకండి మాస్టారూ."

హెడ్మాస్టరు నవ్వి చేతులు తీశాడు. "ఏం, రంగు పోతుందా? చిన్నాచితకా పనేదైనా మిగిలిపోతే వచ్చే ఆదివారం వచ్చి చూసుకోండి. ఎవరూ ఉండరు. తాళం కాపలా అతని దగ్గరే ఉంటుంది, నన్ను అడగక్కర్లేదు కూడా."

కూతురు తండ్రి వైపు చూసింది.

మేస్త్రీ మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడ్డాడు. తర్వాత, తరగతి గదిలో చివరి బల్ల దాకా వినిపించాలన్నట్టు, గట్టిగా చెప్పాడు.

"మాస్టారూ, రేపు పిల్లల్ని పైకి పంపకండి. మెట్లకి ఇప్పుడే తాళం వేయించండి. నాకు కళ్ళు ఆనడం లేదు. నాలుగు నెలలైంది. ఆనకుండానే ఇదంతా అతికాను. మొత్తం కోసేసి, వేరే మేస్త్రీని తీసుకొచ్చి దగ్గరుండి మళ్ళీ వేయిస్తాను. రాడ్డు ఇక నేను పట్టను."