మూర్తిగారి లాగిన్

పాత రౌటర్‌కి కరెంటు ఇవ్వగానే లోపలి దుమ్ము వేడెక్కి ఒక వాసన వస్తుంది. పాత బీరువా తెరిచినట్టు కొంత, గుడ్డ మాడినట్టు కొంత. ఈ ఉదయం నర్సీపట్నంలో మా మేడమీది గదిలో ఆ వాసన తగలగానే వెనక్కి తిరిగి చూశాను. వెనకాల ఎవరూ లేరు. ఉండరని తెలుసు. వరలక్ష్మి మేడమ్ పోయి ఏడాది కావస్తోంది.

మేడమ్ డిగ్రీలో మాకు కంప్యూటర్లు చెప్పేవారు. ముందు కసురు, తర్వాత కాఫీ, అదీ ఆవిడ పద్ధతి. నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ పరీక్షకి ఇంట్లోనే ల్యాబ్ పెట్టుకుంటానంటే మావాళ్లు నవ్వారు. కంప్యూటర్లో ఉత్తుత్తి రౌటర్లు నడిపే సాఫ్ట్‌వేర్ ఉందిగా, ఈ తుక్కెందుకన్నారు. మేడమ్ మాత్రం, "సేత్తో తీగ పీకితే ఏటవుతాదో సూడకండా నీకు ఉద్యోగం ఎవుడిస్తాడు?" అని నన్ను యలమంచిలి బస్సెక్కించి తనూ ఎక్కారు. మూతబడ్డ ఆఫీసుల సామాను కొనే దుకాణం అక్కడ ఉండేది.

నాకేమో రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా కొత్త వెర్షన్ ఎక్కించాలని యావ. దానికి దారంతా చీవాట్లు తిన్నాను. సిలబస్ అడిగినవి ఏ వెర్షన్‌లో ఉంటే అదే చాలునట. అది ఆ పెట్టె మెమరీలో పట్టాలట. పట్టనిది ఎక్కిస్తే రౌటర్ ఇక లేవనే లేవదట. దుకాణంలో ఒక్కొక్కదాన్నీ తిప్పి స్టిక్కర్ చదివారు. మోడల్ తెలిశాక కూడా వేళ్లతో దుమ్ము తుడుస్తూ ఇంకేదో వెతికారు. బేరం కోసం నస అనుకున్నాను. చివరికి మాకు కావలసిన వెర్షన్ పట్టే రౌటర్ ఒక్కటే దొరికింది. దాని పక్కన తెల్ల పెయింటుతో ఏదో ఆఫీసు గుర్తు ఉంది. మేడమ్ దాన్ని ఒళ్లో పెట్టుకుని నర్సీపట్నం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ నోరు అంతసేపు ఊరుకోవడం నేనెన్నడూ ఎరగను.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే రౌటర్ యూజర్ పేరూ పాస్‌వర్డూ అడిగింది. అవి తెలియకపోయినా అంతా చెరిపి మొదలుపెట్టే దారి ఉంది. నేను ఆ పనిలో దిగబోతే మేడమ్ నన్ను జరగమని తనే రెండూ టైప్ చేశారు. మొదటిసారికే లోపలికి రానిచ్చింది. ఆ పేరు రెండుసార్లు చదివాను. మూర్తిగారు, మేడమ్ భర్త. ఆ తెల్ల పెయింటు గుర్తు ఆఫీసులోనే నెట్‌వర్క్ చూసేవారు. నేను కాలేజీలో చేరకముందే పోయారు. తెరమీద పాత సెట్టింగులు దిగాయి. పై వరసలో వాటిని ఆఖరుసారి మార్చిన తేదీ, మార్చిన మనిషి పేరు. పేరు మూర్తిగారిదే. తేదీ మాత్రం ఆయన పోయిన మరుసటి ఏడాదిది.

పట్టపగలు, వీధిలో ఆటోలు మోగుతున్నాయి. అయినా లేచి గదిలో లైటు వేశాను. మేడమ్ మెల్లిగా ఫోన్ తీసి ఆయనతో పనిచేసినాయనకి చేశారు. మూర్తిగారి అకౌంట్ తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదట. పైగా అందరికీ తెలిసిన పాస్‌వర్డ్ అదొక్కటేనట. అందుకని ఆఫీసు మూసేదాకా ఎవరు ఏ పని చేసినా ఆయన పేరుతోనే లోపలికి వెళ్లేవారట. ఆయన ఇంకా ఉన్నట్టే ఉండేదండీ అన్నాడట ఆ పెద్దమనిషి.

నాకు పరీక్ష ముంచుకొస్తోంది. ఇంకో రౌటర్ లేదు. ఇది పనికి రావాలంటే ఆ సెట్టింగులన్నీ చెరిపెయ్యాలి. ఆ మాట అనడానికి నోరు రాక, పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసుకుందామా మేడమ్ అన్నాను.

"వద్దమ్మా. మనిషి పోయేడు గానీ ఆయన సేత పని మాన్పించనేదు వీళ్లు. ఇన్నాళ్లూ డ్యూటీలోనే ఉంచీసేరు. సాలు. దించీ."

నా వల్ల కాలేదు. ఆవిడే కమాండ్ కొట్టారు. నిజంగా చెరపమంటావా అని రౌటర్ అడిగింది. ఎంటర్ మీద ఆవిడ వేలు చాలాసేపు ఆగిపోయింది. తర్వాత నొక్కారు. రౌటర్ పేరూ ఊరూ లేకుండా కొత్తగా లేచింది. మేడమ్ కొంగుతో మొహం తుడుచుకుని, వెర్షన్ ఎక్కించమన్నారు. దాని మీదే చదివి నేను పాసయ్యాను.

ఇప్పుడు నా ఉద్యోగంలో ఎవరు మానేసినా, ఎవరు పోయినా, వాళ్ల అకౌంట్ ఆ రోజే తీసేస్తాను. రాతిగుండెదని కొత్తవాళ్లు అనుకుంటారు. అనుకోనీ. మనిషి లేకుండా మనిషి పేరుని తిప్పడం పాపం.

ఇంట్లో ల్యాబ్‌లో మాత్రం మేడమ్‌కి ఒక అకౌంట్ ఉంది. నా తప్పులు దిద్దడానికి ఆవిడ వచ్చి వాడేవారు. దాన్ని తీసేద్దామనే ఈ ఉదయం కూచున్నాను. రౌటర్ సెట్టింగుల పై వరసలో ఆఖరుసారి మార్చినవారు వరలక్ష్మి అని ఉంది. తేదీ నిన్నటిది. మళ్లీ వెనక్కి తిరిగి చూశాను. నిన్న ఆ పేరుతో లోపలికి వెళ్లి మార్చింది నేనేనని గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది. మొన్న కూడా నేనే. ఆవిడ ఉంటే ఎంత తిడతారో నాకు తెలుసు. ఇవాళొక్కరోజు మేడమ్ అని పైకే అని, మళ్లీ ఆవిడ పేరే టైప్ చేశాను.