డయాలసిస్ వంతుల పేజీ

మా అక్క అరసవల్లిలో ఉండేది. ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి బ్యాకెండ్, అంటే తెర వెనక నడిచే కోడు, రాసేది. కిడ్నీలు చెడిపోయాక వారానికి మూడుసార్లు ఆటోలో ఆసుపత్రికి వెళ్లి డయాలసిస్ చేయించుకునేది. తన బాధ కంటే పక్క మంచాల వాళ్ల బాధే ఎక్కువ చెప్పేది. రెండు బస్సులు మారి వచ్చాక, మిషన్ రిపేరులో ఉందని తెలిసి మెట్ల మీదే కూలబడేవాళ్ల గురించి.

"ఒసే, వంతులు ఫోన్లో కనబడేలాగ ఒక పేజీ సేద్దాం. ఇంటికాడే సూసుకుని బయల్దేరతారు," అంది ఒకరోజు. "పేర్లు, టైములు నా సర్వీసు ఇస్తాది. పేజీ నువ్వు రాయి."

నేను బొబ్బిలిలో ఉంటాను. నాకు వెబ్ పేజీలు రాసే జావాస్క్రిప్ట్ నేర్పింది అక్కే. చదువు రానివాళ్లకు కూడా తెలిసేలా, మిషన్ ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు కనిపించే పేజీ తయారుచేశాను. కానీ పేజీ ఒకచోట, అక్క సర్వీసు నడిచే సర్వరు ఇంకోచోట. ఫలానా అడ్రసు నుంచి వచ్చే పేజీకి జవాబు ఇవ్వొచ్చని సర్వరు ఒప్పుకోకపోతే బ్రౌజరు ఆ జవాబును మనదాకా రానివ్వదు. ఆ అనుమతి అక్క వైపు రాయాల్సిన ఒక్క లైను. రెండు రోజులు నా కోడంతా తిరగేసి, లోపం అటువైపు ఉందని తెలిశాక నాకు ఒళ్లు మండిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్ చేశాను. అక్క డయాలసిస్ మంచం మీద ఉంది.

"నీ సర్వరు నా పేజీని రానివ్వట్లేదు. రెండ్రోజులు పాడైపోనాయి. ఒక్క లైను రాయడానికి ఏటి కష్టం నీకు?"

"రాసాననుకున్నానే. మర్సిపోనట్టున్నాను."

"అన్నీ మర్సిపోతావు నువ్వు!"

"ఉండు, ఇప్పుడే పెడతన్నాను. సూసి సెప్పు," అంది అక్క.

ఒక చేతికి సూదులు. రెండో చేత్తోనే రాసి ఉంటుంది. అరగంట తర్వాత చూస్తే పేర్లన్నీ వచ్చాయి. మంగళవారం వరుసలో నాలుగోది అక్క పేరు. సంతోషంతో కుర్చీలోంచి లేచాను. ఫోన్ మాత్రం చెయ్యలేదు. కోపం ఇంకా పోలేదు. సాయంత్రం చెబుదాంలే, కాస్త ఎదురుచూడనీ అనుకున్నాను.

డయాలసిస్ అయ్యాక, ఆటో ఎక్కబోతూ అక్క పడిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. నేను వెళ్లేసరికి మొహం మీదకి దుప్పటి కప్పేశారు.

కార్యాలు అయ్యాక, సర్వరును ఎవరెప్పుడు ఏం అడిగారో రాసుకునే లాగ్ తెరిచాను. నా పేజీ అడిగినట్టు, సర్వీసు జవాబిచ్చినట్టు అందులో ఉంది. అక్క దాన్ని చూసిందో లేదో మాత్రం లేదు. చూసే ఉంటుందని అమ్మ అంటుంది, నా కోసం.

నెల గడిచాక ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. పేజీ అందరూ వాడుతున్నారని చెప్పింది.

"మీ అక్క పేరు ఇంకా వస్తన్నాదమ్మా. పక్క మంచం ముసలమ్మ సూసినప్పుడల్లా ఏడస్తన్నాది. తీసెయ్యి తల్లీ."

అక్క సర్వీసులో పేరు చేర్చడం ఉంది, వంతు మార్చడం ఉంది. తీసెయ్యడం లేదు. వీలు చిక్కలేదో, రాయడానికి మనసే రాలేదో. ఏనాడూ బ్యాకెండ్ జోలికి పోని నేను అక్క కోడు ముందు పెట్టుకుని మూడు రోజులు నేర్చుకుంటూ ఆ ముక్క రాశాను. పనిచేస్తుందో లేదో తెలియాలంటే ఎవరిదో ఒక పేరు తీసి చూడాలి. తీయాల్సింది ఒక్క పేరే.

నొక్కాను. కిందున్న పేర్లన్నీ ఒక్కో గడి పైకి జరిగాయి.

నర్సుకు ఫోన్ చేసి, "తీసేశానండి," అన్నాను.