మాగేసే గదికి రెండు కంతలు

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున ట్రాక్టరు చక్రం విప్పుతుంటే ఫోన్ వచ్చింది. పక్కింటి బాబాయి గారి కూతురు, ఏలూరు ఆసుపత్రి నుంచి. "అన్నయ్యా, నాన్న ఇక లేరు" అంది. ట్రాక్టరు తెచ్చిన రైతు తోటకి వెళ్ళాలని తొందరపడుతున్నాడు. చక్రం బిగించి పంపాను. తర్వాత కూర్చుని ఏడ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఆగిరిపల్లి రోడ్డులో నాది పంక్చర్ల కొట్టు. ఆయన మోటార్ల మెకానిక్. ఈ చుట్టుపక్కల మామిడి తోటల్లో కాలిన బోరు మోటారు ఏదైనా ఆయన చేతుల మీదుగా పోవాల్సిందే. గోడకి అటు ఆయన, ఇటు నేను. పెళ్ళి కుదరక అలాగే మిగిలిపోయినవాణ్ణి కాబట్టి నాకు మాట్లాడే మనిషంటే ఆయనే.

మా స్నేహం నా తెలివితక్కువ పనితో మొదలైంది. కొత్తగా గాలి కంప్రెసర్ కొన్నాను. దాని మోత మామూలుగా ఉండదు. పక్కింట్లో పిన్ని గారు మంచం మీద ఉన్నారు. పాపం, ఆవిడ నిద్ర పాడవుతుందని, మా నాన్న చిన్నరసం మామిడికాయలు మాగేసిన గదిలో మిషన్ పెట్టి తలుపేశాను. మాగేసే గదికి కిటికీ ఉండదు. లోపలి వేడి లోపలే ఉండాలనే కదా కట్టేది! మామిడి సీజన్ అది, కొట్టు ముందు బళ్ళు ఆగి ఉన్నాయి. మిషన్ మాటిమాటికీ ట్రిప్ అయి ఆగిపోతోంది. ఉన్న డబ్బంతా దాని మీదే పెట్టాను. అది కాలిపోతే కొట్టు మూసుకోవాల్సిందే.

బాబాయి గారు వచ్చి తలుపు తీసి, "లోపలికెళ్ళి అయిదు నిమిషాలు నుంచోవయ్యా" అన్నారు. రెండు నిమిషాలకే చెమటతో బయటపడ్డాను.

"నీకే ఊపిరాడలా, దానికెట్టా ఆడుద్ది? కాయలతో పాటు మిషన్ని కూడా మాగేద్దామనుకున్నావా? గాలి అమ్ముకునేవాడివి, దానికి కాస్త గాలి పెట్టడానికి పిసినారితనమేంటి?"

ముందు మిషన్ని గోడ నుంచి రెండడుగులు ఇవతలికి జరిపించారు. మిషన్ చక్రానికున్న ఫ్యాను రెక్కలకి గోడ అడ్డమై గాలి అందట్లేదుట. తర్వాత కొట్టు వైపు, నీడ పట్టున, కింద ఒక కంత కొట్టారు. రెండోది ఎదురు గోడకి, కప్పు కింద. అది వాళ్ళ వసారాలోకి తెరుచుకుంటుంది.

"అటొద్దండీ, పిన్ని గారికి మోత" అన్నాను.

"చల్లగాలి కింద నుంచి రావాలి, వేడి పై నుంచి పోవాలి. ఒక్క కంతే పెడితే పోయిన వేడే తిరిగొస్తది. మోతంటావా, మాకు అలవాటవుద్ది. ఊపిరాడకపోవడం ఎవరికీ అలవాటవదయ్యా." సుత్తి ఆపకుండానే అన్నారు.

పై కంతకి ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా ఆయనే బిగించారు. ఆ రోజు నుంచి మిషన్ ఒక్కసారి ట్రిప్ అయితే ఒట్టు.

పిన్ని గారు పోయాక ఆయన రోజూ కొట్టుకి రావడం మొదలుపెట్టారు. మెట్టు మీద కూర్చుని, బీడీ వెలిగించకుండా చేతిలో తిప్పుతూ, ముసునూరులో ఎవరి మోటారు కాలిందో చెప్పేవారు. సరిగ్గా నాకు పని లేనప్పుడే వచ్చేవారు.

"ఎప్పుడూ పనైపోయాకే వస్తారేంటండీ?" అని ఆటపట్టిస్తే, "ముందొస్తే నాకూ పని చెప్తావని భయం" అనేవారు.

పెద్దకర్మ అయ్యాక కూతురు ఇల్లు సర్దింది. తాళం వేసే ముందు నన్ను వసారాలోకి పిలిచింది. ఎలుకలు దూరతాయేమో, కంత మూయించనా అని అడగడానికి. కంత కింద ఒక మడత కుర్చీ ఉంది. అంత మోతలో కుర్చీ ఎందుకమ్మా అన్నాను.

"నాన్న ఇక్కడే కూర్చునేవారు అన్నయ్యా. నాతో ఫోన్‌లో మాట్లాడుతూనే, 'ఉండమ్మా, మిషన్ ఆగింది. వాడొక్కడే ఉంటాడు, వెళ్ళొస్తా' అని పెట్టేసేవారు."

కంత మూయించొద్దమ్మా అన్నాను. ఇన్నేళ్ళూ ఒంటరివాడు ఆయనే అనుకుని, పాపం కదా అని కబుర్లు చెప్పాను. ఆయన కూడా నా గురించి అలాగే అనుకున్నారు.

నిన్న సాయంత్రం చివరి బండి వెళ్ళిపోయింది. ట్యాంకు నిండి మిషన్ దానంతటదే ఆగింది. అలవాటుగా మెట్టు వైపు చూశాను. కాసేపు ఓర్చుకున్నాను. ఇక ఉండలేక లోపలికెళ్ళి, ట్యాంకు కింద మర తిప్పి గాలంతా వదిలేశాను. ట్యాంకు ఖాళీ అయ్యేసరికి మిషన్ మళ్ళీ మొదలైంది.