అన్నకు సరిపడని కొవ్వు

మా అన్నకు చూపు మందగించిందని మొదట గమనించింది వదిన. పుంగనూరులో వాళ్లకు పాడి ఉంది. తెల్లవారకముందే పాలు పిండడానికి వెళ్లి అన్న కొట్టం గడపకు తట్టుకుని పడేవాడు. తర్వాత అరికాళ్లు తిమ్మిరెక్కాయి, కాళ్లమీద చర్మం పొలుసులు లేచింది. పాలు మాడినా వాసన తెలిసేది కాదు. మదనపల్లెలో ఉంటున్న నేను షుగరేమోనని పరీక్షలు చేయించాను. షుగరు లేదు. కంటి డాక్టరు బెంగుళూరుకు వెళ్లమన్నారు.

అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. ఆవు, మేక పచ్చగడ్డి తింటే వాటి కడుపులో ఫైటానిక్ ఆమ్లమనే ఒక కొవ్వు తయారవుతుంది. పాలు, నెయ్యి, వేటమాంసంలో అది ఉంటుంది. అందరి ఒంట్లో అది అరిగిపోతుంది. అన్న ఒంట్లో అరగక పేరుకుపోతోంది.

"పుట్టినప్పట్నుంచి తాగతాండా. ఇప్పుడు యాల ఇట్లయింది?" అన్నాడు అన్న.

"ఇన్నేళ్లూ కొంచెం కొంచెంగా చేరిందండీ," అని ఆమె నావైపు తిరిగారు. "తోబుట్టువులకూ ఉండొచ్చు. మీరూ రక్తం ఇచ్చి వెళ్లండి."

ఫలితం వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు. కాఫీ కలుపుకుని పారబోసేదాన్ని. లైటు ఆర్పి వరండాలో నడిచి చూసుకునేదాన్ని. పొద్దస్తమానం కాఫీపొడి డబ్బా మూత తీసి వాసన చూస్తుంటే మా ఆయన డబ్బా అందకుండా పైన పెట్టేశాడు.

అన్న భయం ఇంకోలా ఉంది. నెయ్యి, పాలు మానమంటే అన్నమే మానేశాడు. కుప్పంలో వదిన తమ్ముడి గృహప్రవేశానికి వెళ్లి, విస్తరి ముందు ఊరికే కూర్చుని, లేవబోతే కాళ్లు నిలవక కూలబడ్డాడు. వదిన ఫోను చేయగానే బస్సెక్కాను. పలమనేరు దాటాక డాక్టరమ్మ ఫోనులో దొరికారు.

"పస్తులుంటే ఒంట్లో దాగిన కొవ్వు కరిగి ఆ ఆమ్లమంతా రక్తంలో కలుస్తుంది. ముందు అన్నం పెట్టండి. వెంటనే ఇక్కడికి తీసుకురండి."

నేను వెళ్లేసరికి అన్న గోడకానుకుని ఉన్నాడు. ఆమె మాట చెప్పాను.

"తింటే భయం, తినకుంటే భయం. యాడికి పోవాలమ్మా నేను?"

"యాడికీ పోవద్దు. ఇది తిను."

చారన్నం కలిపి పెట్టాను. ముద్ద ముద్దకూ నా ముఖం చూస్తూ తిన్నాడు. ఆ సాయంత్రమే బెంగుళూరుకు కారులో తీసుకెళ్లాం.

అన్న ఆసుపత్రిలో ఉండగానే నా ఫలితం వచ్చింది. జబ్బు లేదు. కాగితం పట్టుకుని వార్డు బయటే తచ్చాడుతుంటే అన్నే లోపలికి పిలిచాడు.

"నీకు లేదంట కదా, నర్సు చెప్పింది. బయట నిలబడినావు యాల?"

నేను ఏడ్చాను. అన్న నా తలమీద చెయ్యి వేశాడు.

నెలలు గడిచేకొద్దీ అతని చర్మం నునుపుదేరింది. తిమ్మిరి తగ్గి, కర్ర లేకుండా నడుస్తున్నాడు. చీకట్లో చూపు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు పాలు వదిన పిండుతుంది, అన్న పగటిపూట మేత చూసుకుంటాడు. వంటంతా వేరుశనగ నూనెతోనే. ఆకుకూరలు, కోడికూర తినొచ్చన్నారు.

మధ్యాహ్నం ఫోను చేసి ఏం తిన్నావని అడుగుతాను. ఎత్తకపోతే ఆ గదికీ ఈ గదికీ తిరుగుతూనే ఉంటాను. నిన్న చాలాసేపటికి ఎత్తాడు.

"తింటాండానమ్మా. తిననీ," అన్నాడు.