కొండకో చెక్క, చేనుకో చెక్క

హార్లన్‌కి ఉన్నది ఒకటే రైఫిలు. వసంతంలో గడ్డిచేలను గుల్ల చేసే నేల ఉడుతలకీ, చలి మొదలయ్యాక కొండమీది ఎల్క్ దుప్పులకీ అదే. భుజానికి ఆనే చెక్క చీలిపోయి, కొత్తది బిగించమని మా తుపాకుల కొట్టుకి వచ్చాడు.

రెండు చెక్కలు బల్లమీద పెట్టాను. ఒకటి బరువైనది, అడుగుభాగం వెడల్పుగా ఉంటుంది. ట్రక్కు ముందు రేకుమీద ఆనిస్తే కదలదు, ఉడుతలకి అదే సరి. రెండోది పలచని అక్రోటు చెక్క, మోసుకుంటూ కొండెక్కడానికి.

హార్లన్ పలచనిదాన్నే నిమురుతున్నాడు.

"కిందటేడు మోకాలు పట్టేసి, గుర్రమ్మీద మూటలా దిగొచ్చావు," అంది అతనితో వచ్చిన భార్య వెల్డా. "ఏది కొన్నా మోసేది గుర్రమేగా!"

అతను బరువైనదాన్ని ఎత్తి భుజానికి ఆనించి చూశాడు.

"ఇది కొంటే ఇక కొండ లేనట్టేగా?"

వెల్డా గొంతు తగ్గించింది. "మంచు పడ్డాక దుప్పులు మన గడ్డివాముల దగ్గరికే వస్తాయి కదయ్యా. కుర్చీ వేస్తాను, కూర్చో."

"కుర్చీలో వేటా?"

"కాఫీ కూడా ఇస్తాలే."

హార్లన్ నవ్వి బరువైనదే బిగించమన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఆ రెండోది ఎవరికీ అమ్మకు. ఒక్క ఏడాది చూద్దాం."

దాన్ని గుడ్డలో చుట్టి అటకమీద పెట్టాను.